లార్డ్ విలియం క్యాంప్‌బెల్: మాట చెల్లని గవర్నర్

నమస్కారం. అమెరికా విప్లవం అనగానే బోస్టన్, ఫిలడెల్ఫియా గుర్తొస్తాయి. ఈ వీడియోలో దక్షిణాన సౌత్ కరోలినాలో ఉన్న చార్ల్స్‌టన్‌కి వెళ్దాం. అక్కడ బ్రిటిష్ రాజు ప్రభుత్వం యుద్ధంలో ఓడిపోయి కూలలేదు. జనం మాట వినడం మానేశారు, అంతే. ఆ సంగతి బాగా తెలిసేది ఒక మనిషి జీవితంలో. అతనే లార్డ్ విలియం క్యాంప్‌బెల్.

స్కాట్లండ్‌లో ఆర్గైల్ డ్యూక్ కొడుకుల్లో చిన్నవాడు. డ్యూక్ బిరుదు, ఎస్టేట్లు పెద్ద కొడుక్కే పోతాయి కాబట్టి ఇతను నేవీలో చేరాడు. బెంగాల్ వైపు కూడా పనిచేశాడు. 1763లో చార్ల్స్‌టన్‌లో సారా ఇజార్డ్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమెది బానిసల శ్రమతో కోట్లకు పడగలెత్తిన తోటల కుటుంబం. 1764లో ఆర్గైల్‌షైర్ నుంచి పార్లమెంటు సభ్యుడయ్యాడు. 1766 నుంచి 1773 దాకా ఇప్పటి కెనడాలో ఉన్న నోవా స్కోషియాకు గవర్నర్. ఆ తర్వాత అత్తగారి ఊరున్న సౌత్ కరోలినాకే గవర్నర్‌గా బదిలీ.

1775 జూన్‌లో చార్ల్స్‌టన్‌లో దిగేసరికి అసలు పాలన విప్లవకారుల కమిటీల చేతిలోకి పోయింది. స్వాగతం పలికినవాళ్లు బహు కొద్దిమంది.

ఇక్కడ కాస్త ఆగుదాం. చాలామంది వదిలేసే పేరొకటి ఉంది, థామస్ జెరెమియా. స్వేచ్ఛ పొందిన నల్లజాతీయుడు, డబ్బున్నవాడు, అతని దగ్గరా బానిసలు ఉండేవారు. వృత్తి రీత్యా హార్బర్ పైలట్. అంటే, నీళ్ల కింద ఇసుక దిబ్బలు ఎక్కడున్నాయో తెలిసి, ఓడల్ని క్షేమంగా రేవులోకి తెచ్చేవాడు. బానిసల తిరుగుబాటుకు కుట్ర పన్నాడని, బ్రిటిష్ యుద్ధనౌకలకు దారి చూపిస్తాడని అతని మీద నేరం మోపారు. జ్యూరీ లేదు. 1740 నాటి బానిస చట్టం కింద విచారణ. సాక్షుల్లో ఒకడు తర్వాత తన మాట వెనక్కి తీసుకున్నాడు కూడా.

క్యాంప్‌బెల్ అతన్ని కాపాడాలని గట్టిగానే ప్రయత్నించాడు. క్షమాభిక్ష పెడితే అతన్ని నీ గుమ్మం ముందే ఉరి తీస్తామని బెదిరించారు. 1775 ఆగస్టు 18న జెరెమియాను ఉరితీసి, శవాన్ని తగలబెట్టారు. స్వేచ్ఛ కోసం పోరాడుతున్నామన్న వాళ్లు చేసిన పని ఇది. ఈ అన్యాయాన్ని ఫుట్‌నోట్‌లో పెట్టి దాటేయకూడదని నా గట్టి అభిప్రాయం.

నెల తిరగకముందే గవర్నర్ వంతు వచ్చింది. లోతట్టు ప్రాంతపు రాజభక్తులతో అతను రహస్యంగా మంతనాలు జరుపుతున్నాడు. ఆ మనుషుల్లో ఒకడిలా నటిస్తూ విప్లవకారుల అధికారి ఒకడు ఇంటికొచ్చాడు. సైన్యం వస్తోందని క్యాంప్‌బెల్ నమ్మి చెప్పేశాడు. గుట్టు రట్టయింది. సెప్టెంబర్ 15న అసెంబ్లీని రద్దు చేసి, ప్రభుత్వ ముద్రను వెంట తీసుకుని, ఇంటి వెనక కాలువలోంచి పడవలో టామర్ అనే యుద్ధనౌకకు చేరాడు. మీటింగ్ స్ట్రీట్‌లో ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు మ్యాప్‌లో రేవు ముఖద్వారం చూడండి. ఇది సలివన్స్ ద్వీపం. 1776 జూన్ 28న బ్రిటిష్ నౌకాదళం ఇక్కడి కోట మీద దాడి చేసింది. కోట గోడలు పాల్మెట్టో అనే తాటి జాతి చెట్టు దుంగలవి, మధ్యలో ఇసుక నింపారు. మెత్తటి ఆ దుంగలు ఫిరంగి గుండ్లను పగలకుండా మింగేశాయి. కోటను పక్కనుంచి కొట్టడానికి వెళ్లిన మూడు ఫ్రిగేట్లు, అంటే తేలికపాటి యుద్ధనౌకలు, ఇసుక దిబ్బకు తగులుకున్నాయి. ఆ దిబ్బల ఆనుపానులు తెలిసిన జెరెమియాను చంపి అప్పటికి పది నెలలు.

క్యాంప్‌బెల్ ఆ రోజు బ్రిస్టల్ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో ఉన్నాడు. గవర్నర్ హోదా పక్కన పెట్టి, మామూలు వాలంటీర్‌గా కింది డెక్కులో ఫిరంగుల దగ్గర నిలబడ్డాడు. పక్కటెముకల దగ్గర దెబ్బ తగిలింది. ఆ గాయం నుంచి పూర్తిగా కోలుకోలేదు. 1778 సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో చనిపోయాడు. సౌత్ కరోలినాకు రాజు పంపిన చివరి గవర్నర్ అతనే.