పంచెల ఊరు, కోళ్ళ కంపెనీ, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు

శ్రోతలకు నమస్కారం.

పొద్దున్నే పేపర్లో కోడిగుడ్ల ధర చూసుకునేవాళ్ళకు 'నెక్ రేటు' అన్న మాట కొత్తేమీ కాదు. నేషనల్ ఎగ్ కోఆర్డినేషన్ కమిటీ అని దాని పూర్తి పేరు. 1982లో కోళ్ళ రైతులను కూడగట్టి ఆ కమిటీని నిలబెట్టిన పెద్దమనిషి డాక్టర్ బి.వి. రావు గారు. తెలుగువారు. అంతకు పదకొండేళ్ళ ముందే వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టారు. ఆ కంపెనీ పుణెలో స్థిరపడి పెద్దదైంది. వెంకీస్ చికెన్ అని బోర్డుల మీద చూస్తుంటామే, అది వాళ్ళదే. రావు గారి తర్వాత ఆయన కూతురు, ఇద్దరు కొడుకులు కంపెనీ చూసుకుంటున్నారు. 2010 నవంబరులో ఆ ముగ్గురూ ఇంగ్లండ్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బును కొన్నారు. పేరు బ్లాక్‌బర్న్ రోవర్స్. ఈ రోజు నేను చెప్పబోయేది ఆ క్లబ్బు సంగతి.

బ్లాక్‌బర్న్ అంత పెద్ద ఊరేమీ కాదు. మాంచెస్టర్‌కు ఉత్తరాన, లంకాషైర్ కొండల మధ్య, లక్షకు కాస్త పైన జనాభా ఉన్న పట్టణం. ఒకప్పుడు ఊరంతా మగ్గాల చప్పుడే. దారం వడకడాన్ని మార్చేసిన స్పిన్నింగ్ జెన్నీ యంత్రాన్ని తయారుచేసిన జేమ్స్ హార్‌గ్రీవ్స్ ఆ చుట్టుపక్కల వాడే. ఆ మిల్లుల్లో ముఖ్యంగా ఏం నేసేవారో తెలుసా? పంచెలు! ఇంగ్లండ్‌లో పంచె కట్టేవాడెవడు? అవన్నీ ఓడలెక్కి మన దేశానికే వచ్చేవి. మన ఊళ్ళలో సీమగుడ్డ అన్నదానిలో బ్లాక్‌బర్న్ పంచెల చాపులూ ఉన్నాయన్నమాట. ఇక్కడి చేతిమగ్గం మూలపడింది, అక్కడి మరమగ్గం పొగగొట్టం లేచింది. ఆ మిల్లుల ఊరి పిల్లలే తర్వాత ఫుట్‌బాల్ ఆడారు.

1875 నవంబరు 5న సెయింట్ లెజర్ అనే హోటల్లో ఒక పదిహేడు మంది కూర్చుని క్లబ్బు పెట్టాలని తీర్మానించారు. వాళ్ళు మిల్లు కూలీలు కారు. ఖరీదైన బళ్ళలో చదువుకుని వచ్చిన కుర్రాళ్ళు. సొంత మైదానం కూడా లేదు. కొన్నాళ్ళకు ఊజ్‌హెడ్ అనే చోట ఒక రైతు పొలం అద్దెకు దొరికింది. మామూలు రోజుల్లో అక్కడ ఆవులు మేసేవి. పొలం నడిమధ్యలో నీళ్ళ గుంట. దాన్నేం చేయాలి? పైన చెక్కలు పరిచి, వాటి మీద గడ్డి పెళ్ళలు కప్పి ఆడుకున్నారు. బంతి కోసం పరుగెత్తేవాడు కింద బురద గుంట ఉందని మరిచిపోవాలి, అంతే.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ దొరబిడ్డల ఆట. డబ్బు తీసుకుని ఆడడం తప్పు. కానీ శనివారం మధ్యాహ్నం దాకా మిల్లులో పనిచేసి, కూలీ పోగొట్టుకుని ఎవడు ఆడతాడు? అందుకని చాటుగా ఇచ్చేవారు. ఫెర్గస్ సూటర్ అని స్కాట్లండ్ కుర్రాడు, వృత్తికి రాళ్ళు చెక్కేవాడు, ముందు పక్క ఊరు డార్వెన్‌కు వచ్చాడు. రాళ్ళ పని ఎందుకు మానేశావయ్యా అంటే, ఇంగ్లండ్ రాయి మరీ గట్టిగా ఉందన్నాడట. ఆ జవాబు విని ఎవరికీ అనుమానం మిగల్లేదు! 1880లో డార్వెన్‌ను వదిలి బ్లాక్‌బర్న్ రోవర్స్‌లో చేరాడు. డార్వెన్ వాళ్ళు మండిపడ్డారు. ఆ ఏడు రెండు ఊళ్ళ మ్యాచ్‌లో జనం మైదానంలోకి దూకేస్తే ఆట ఆపేయాల్సి వచ్చింది.

1882లో ఎఫ్ఏ కప్పు అని దేశంలోని క్లబ్బులు పోటీపడే కప్పు ఫైనల్‌కు చేరారు రోవర్స్. ఉత్తరాది ఊళ్ళ నుంచి ఒక జట్టు ఫైనల్‌కు రావడం అదే మొదలు. ఈటన్ అనే దొరల బడిలో చదువుకున్నవాళ్ళ జట్టు ఓల్డ్ ఈటోనియన్స్ చేతిలో ఒక్క గోల్‌తో ఓడిపోయారు. మరుసటి ఏడు అదే ఈటోనియన్స్‌ను ఓడించి కప్పు తెచ్చింది బ్లాక్‌బర్న్‌లోనే ఇంకో క్లబ్బు, ఒలింపిక్ అని, నేతగాళ్ళూ నూలు వడికేవాళ్ళూ ఉన్న జట్టు. అసలు ఆట కూలీల చేతికి వచ్చింది ఆ రోజేనని నా లెక్క. ఆ ఒలింపిక్ ఆరేళ్ళకే మూతపడింది. రోవర్స్ మాత్రం 1884, 85, 86, వరుసగా మూడేళ్ళు కప్పు ఎత్తారు. వాళ్ళ వెంట లండన్‌కు రైళ్ళెక్కి వెళ్ళిన జనాన్ని చూసి అక్కడి పత్రిక ఒకటి, ఉత్తరాది మూక వచ్చిపడింది, మోటు బట్టలూ వింత తిట్లూ అని రాసింది. ఇక దాచి లాభం లేదని 1885లో ఆటగాళ్ళకు జీతం ఇవ్వడాన్ని ఒప్పేసుకున్నారు. 1888లో పన్నెండు క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ మొదలైతే అందులో రోవర్స్ ఒకరు. 1890లో ఈవుడ్ పార్క్ అనే మైదానానికి మారారు. ఈ రోజుకీ అదే వాళ్ళ ఇల్లు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. 1891 డిసెంబరు, పక్క ఊరు బర్న్‌లీతో మ్యాచ్. మంచు కుండపోతగా కురుస్తోంది. రోవర్స్ మూడు గోల్స్ వెనకబడ్డారు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఇంతలో ఇద్దరు ఆటగాళ్ళు కొట్టుకున్నారు, రిఫరీ ఇద్దరినీ బయటికి పంపాడు. అదే సందని రోవర్స్ జట్టంతా మైదానం దిగి వెళ్ళిపోయింది, గోల్‌కీపర్ హెర్బీ ఆర్థర్ తప్ప. ఆ మంచులో ఒక్కడే నిలబడ్డాడు. రిఫరీ ఆట మొదలెట్టమన్నాడు. అవతల జట్టు జట్టంతా, ఇవతల ఒక్కడు. వాళ్ళు బంతి గోల్‌లోకి కొట్టగానే ఇతను ఆఫ్‌సైడ్ అని, అంటే బంతి అందుకున్నవాడికీ గోల్‌కూ మధ్య ఎదుటి జట్టువాళ్ళు చాలినంతమంది లేరని, చెయ్యెత్తాడు. నిజమే కదా, అతని ముందు సొంత జట్టువాడు ఒక్కడైనా ఉంటేగా! ఫ్రీకిక్ ఇచ్చారు. దాన్ని ఎవరికి కొట్టాలి? తోటివాళ్ళు లోపల కాళ్ళు కాచుకుంటున్నారు. అలా బంతి దగ్గరే నిలబడ్డాడు. చివరికి రిఫరీయే విసుగెత్తి మ్యాచ్ ఆపేశాడు.

తర్వాత మంచి రోజులు వచ్చాయి, పోయాయి. 1912లోనూ 1914లోనూ లీగ్ ఛాంపియన్లు అయ్యారు. బాబ్ క్రాంప్టన్ అని ఊరి బిడ్డ, ఆ జట్టుకు వెన్నెముక, ఇంగ్లండ్‌కు 41 మ్యాచ్‌లు ఆడాడు. 1928లో ఆరోసారి ఎఫ్ఏ కప్పు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటే పడిపోసాగాయి. మన దగ్గర విదేశీ బట్టల బహిష్కరణ జరుగుతుంటే దెబ్బ తగిలిన ఊళ్ళు అవే. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన గాంధీజీ పనిగట్టుకుని లంకాషైర్ వెళ్ళి, సూటర్ కథలో చెప్పానే, ఆ డార్వెన్‌లో మిల్లు కార్మికులను కలిశారు. ఆ మిల్లు ఆడవాళ్ళే ఆయన చుట్టూ చేరి జేజేలు కొట్టిన ఫోటో ఉంది. చూడదగ్గది. మిల్లులతోపాటే క్లబ్బు కూడా మెల్లగా చిక్కిపోయింది. అక్కడ పట్టికలో అడుగున మిగిలిన జట్లు కింది డివిజన్‌కు దిగిపోవాలి. అలా 1966లో మొదటి డివిజన్ నుంచి జారి, 1971లో మూడో డివిజన్ దాకా దిగింది.

ఆ ఊళ్ళో జాక్ వాకర్ అని ఒకాయన ఉండేవాడు. చిన్నతనంలోనే చదువు మానేసి తండ్రి పెట్టిన రేకుల పని షెడ్డులో పనిచేశాడు. అన్నదమ్ములు దాన్ని ఉక్కు వ్యాపారంగా పెంచి, 1989లో 30 కోట్ల పౌండ్లకు పైగా ధరకు అమ్మేశారు. అంత డబ్బు చేతికొస్తే మనిషి ఏం చేస్తాడు? ఈయన చిన్నప్పుడు ఏ క్లబ్బు కోసం గొంతు చించుకున్నాడో ఆ క్లబ్బును కొనుక్కున్నాడు. లివర్‌పూల్‌లో దేవుడిలా చూసుకునే కెన్నీ డాల్‌గ్లిష్‌ను మేనేజరుగా తెచ్చాడు. 1992లో పైడివిజన్‌కు ఎక్కారు. అప్పుడే ఆ పైడివిజన్ ప్రీమియర్ లీగ్ అనే కొత్త పేరుతో మొదలవుతోంది. బ్రిటన్‌లో అప్పటిదాకా లేని ధర పెట్టి అలన్ షియరర్‌ను తెచ్చారు, రెండేళ్ళకు ఇంకా ఎక్కువ పెట్టి క్రిస్ సటన్‌ను కొన్నారు. డబ్బుతో కప్పు కొంటున్నారని పెద్ద క్లబ్బులు మూతి ముడిచాయి. అంతకు ముందు ఆ పని ఎవరూ చేయనట్టు!

1995 మే 14. సీజన్లో ఆఖరి రోజు. రోవర్స్ మాంచెస్టర్ యునైటెడ్ కంటే రెండే పాయింట్ల ముందున్నారు. ఆడాల్సింది డాల్‌గ్లిష్ పాత ఇల్లు ఆన్‌ఫీల్డ్‌లో, లివర్‌పూల్‌తో. అదే సమయానికి యునైటెడ్ లండన్‌లో వెస్ట్ హామ్‌తో. వాళ్ళు గెలిచి వీళ్ళు గెలవకపోతే కప్పు మాంచెస్టర్‌కే. అప్పటికి ఇంకా చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు. స్టాండ్లలో జనం చెవుల దగ్గర చిన్న రేడియోలు. మన క్రికెట్ రోజులు గుర్తొస్తాయి, ఆఫీసుల్లో డ్రాయర్‌లో ట్రాన్సిస్టర్ పెట్టుకుని వినే రోజులు. ఎదురుగా ఒక ఆట, చెవిలో ఇంకో ఆట.

20వ నిమిషంలో షియరర్ గోల్. ఆ సీజన్లో అతనికది 34వది. రేడియోలో వార్త: వెస్ట్ హామ్ కూడా గోల్ కొట్టింది. ఇంకేముంది, పండగే అనుకున్నారు. రెండో సగంలో యునైటెడ్ సమం చేసింది. ఇక్కడ లివర్‌పూల్ జాన్ బార్న్స్ సమం చేశాడు. టెన్షన్ మొదలైంది. విచిత్రం ఏమిటంటే, మాంచెస్టర్ వాళ్ళకు కప్పు పోకూడదని లివర్‌పూల్ అభిమానులు కూడా రోవర్స్ వైపే ఉన్నారు. ఆట అయిపోయే వేళ జేమీ రెడ్‌నాప్ ఒక ఫ్రీకిక్ కొట్టాడు. బంతి వంపు తిరిగి గోల్‌లో పడింది. లివర్‌పూల్ గెలిచింది. రోవర్స్ ఆటగాళ్ళ ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. కొన్ని క్షణాలే. అంతలో రేడియోలున్న వైపు నుంచి కేక లేచింది. లండన్‌లో ఆట 1-1తో ముగిసింది. ఓడిపోయిన జట్టు ఒకరినొకరు కావలించుకుని గంతులేసింది. 81 ఏళ్ళ తర్వాత లీగ్ టైటిల్, ఒక్క పాయింట్ తేడాతో. వాకర్ కళ్ళు తుడుచుకుంటూ మైదానంలోకి వచ్చాడు. షియరర్‌ను తర్వాత, ఎలా పండగ చేసుకున్నావని అడిగితే, ఇంటి కంచెకు రంగు వేశానన్నాడు.

మరుసటి ఏడాది షియరర్‌ను న్యూకాజిల్ కోటిన్నర పౌండ్లకు తీసుకెళ్ళింది, అప్పటికి ప్రపంచంలోనే పెద్ద ధర. 1999లో జట్టు కిందకు పడింది. 2000 ఆగస్టులో వాకర్ పోయాడు. అయినా ఆయన ట్రస్టు చేయి వదల్లేదు. 2001లో మళ్ళీ పైకి వచ్చి, మరుసటి ఏడు లీగ్ కప్పు గెలిచారు. కానీ ట్రస్టు ఎన్నాళ్ళని మోస్తుంది? అమ్మకానికి పెట్టారు. అప్పుడే మన కథలోకి పుణె వచ్చింది.

వెంకీస్ కుటుంబం 2 కోట్ల 30 లక్షల పౌండ్లు ఇచ్చి, క్లబ్బు అప్పులు కూడా తలకెత్తుకుంది. నెల తిరగకుండానే అనుభవమున్న మేనేజరు సామ్ అలర్‌డైస్‌ను పంపేసి, శిక్షకుల్లో ఒకరైన స్టీవ్ కీన్‌కు పగ్గాలిచ్చింది. జట్టు అప్పటికి పట్టికలో మధ్యనే ఉంది. ఎందుకు తీసేశారో ఊళ్ళో ఎవరికీ అంతుబట్టలేదు. ఇక ఆటగాళ్ళు డ్రెస్సింగ్ రూమ్‌లో కూర్చుని వెంకీస్ చికెన్ తినే టీవీ ప్రకటన ఒకటి వచ్చింది. జట్టు గెలుస్తుంటే నవ్వుకునేవారేమో. ఓడుతున్నప్పుడు పుండు మీద కారమైంది. 2012 మేలో విగన్‌తో మ్యాచ్, ఓడితే దిగిపోవడమే. జోరున వాన. మధ్యలో ఎవరో రోవర్స్ జెండా చుట్టిన ఒక బతికున్న కోడిని మైదానంలోకి వదిలారు. పాపం అది తడిసి ముద్దయి అటూ ఇటూ చూస్తూ నిలబడింది. ఒక్క గోల్ తేడాతో ఓడిపోయి దిగిపోయారు.

ఆ తర్వాతి సీజన్లో మేనేజర్లు ఉద్యోగం చేసిన రోజులు లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది. 1995 జట్టులో ఆడిన హెన్నింగ్ బెర్గ్ 57 రోజులు, అతని తర్వాత వచ్చిన మైకేల్ ఆపిల్టన్ 67 రోజులు. బెర్గ్ కోర్టుకెక్కి 22 లక్షల 50 వేల పౌండ్లు రాబట్టుకున్నాడు. 2017లో మూడో అంచెకు పడ్డారు. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అంత లోతుకు పోవడం అదే మొదటిసారి.

న్యాయంగా మాట్లాడితే, ఆ కుటుంబం పారిపోలేదు. అప్పటినుంచీ పుణె నుంచి డబ్బు పంపుతూనే ఉంది, మొత్తం 20 కోట్ల పౌండ్లు దాటింది. 2018లో టోనీ మౌబ్రే కింద జట్టు మొదటి ప్రయత్నంలోనే మూడో అంచె నుంచి పైకి వచ్చింది. అభిమానుల గోల డబ్బు గురించి మాత్రమే కాదు. యజమాని మైదానంలో కనబడడు, ఏమనుకుంటున్నాడో చెప్పడు, అదీ వాళ్ళ ఉక్రోషం. జట్టు ఓడినా వాకర్ స్టాండ్‌లో కూర్చునేవాడు. ఇప్పుడు ఈవుడ్ పార్క్ బయట ఆయన విగ్రహం ఉంది.

ఈమధ్య ఇంకో చిక్కు వచ్చింది. విదేశాలకు పంపే ఈ డబ్బు మీద మన ఈడీ అభ్యంతరం చెప్పింది. వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు చేరింది. పుణె నుంచి క్లబ్బుకు డబ్బు వెళ్ళాలంటే కోర్టు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. ఒకప్పుడు రాళ్ళు చెక్కే ఫెర్గస్ సూటర్‌కు ఎవరికీ తెలియకుండా చాటుగా జీతం ముట్టజెప్పిన క్లబ్బు అది. ఇన్నేళ్ళకు వాళ్ళ ఖర్చులకు వెళ్ళే సొమ్ము ఢిల్లీలో జడ్జి గారి ముందు, వాదోపవాదాల మధ్య, అందరూ వినేలా లెక్కకు వచ్చింది.

నమస్కారం.