గేటు మీద పేరు కంపెనీది, బిల్డింగ్ ఎవరిది?

(రాయదుర్గం మెట్రో స్టేషన్ బయట, ఉదయం తొమ్మిదిన్నర. వెనకాల అద్దాల బిల్డింగులు, రోడ్డు నిండా క్యాబులు.)

నమస్తే అండి. పోయిన ఆదివారం మా బావ ఫోన్ చేశాడు. "ఏరా, ఆ కంపెనీ వాళ్లు జనాన్ని తీసేస్తున్నారట కదా. ఇక ఆ బిల్డింగ్ అమ్మేసుకుంటారా? మన తెల్లాపూర్ ఫ్లాట్ సంగతేంటి?" అని ఒకటే టెన్షన్. ఈ ప్రశ్న నేను టీ కొట్టు దగ్గర విన్నాను, పెళ్లి భోజనాల్లో విన్నాను, లిఫ్టులో కూడా విన్నాను. ప్రతిసారీ ఒకే మాట చెప్పాలనిపిస్తుంది. బావా, ఆ బిల్డింగ్ వాళ్లది కాదు.

మీరు ఫంక్షన్ హాల్‌కి వెళ్తారు. గేటు మీద బంతిపూలతో పెళ్లికొడుకు పేరు, పెళ్లికూతురు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ఆ పేర్లు చూసి హాల్ ఆ పెళ్లివారిదే అని ఎవరైనా అనుకుంటారా? అనుకోరు. పొద్దున్నే ఆ పూలు తీసేసి ఇంకో జంట పేర్లు కడతారు. మరి మాదాపూర్‌లో ఇరవై అంతస్తుల పైన కంపెనీ పేరు వెలుగుతుంటే మాత్రం, అది వాళ్ల సొంత బిల్డింగే అనుకుంటాం. చాలావరకు అది ఫంక్షన్ హాలే. హాల్ ఓనర్ వేరే ఉంటాడు.

సొంత హాలు కట్టుకున్నవాళ్లు లేరని కాదు. మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ 1998లో హైదరాబాద్ వచ్చింది. తర్వాత గచ్చిబౌలిలో 54 ఎకరాల్లో సొంత క్యాంపస్ కట్టుకుంది. అమెజాన్ 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో తొమ్మిదిన్నర ఎకరాల్లో సొంత క్యాంపస్ తెరిచింది, అందులో 15 వేల మంది పని చేయవచ్చు. వీళ్లు ఇంటి పెరట్లోనే మండపం కట్టుకునే పెద్ద కుటుంబాల లాంటివాళ్లు. మిగతావాళ్లలో ఎక్కువమంది హాల్ బుక్ చేసుకునేవాళ్లే. అసలు ఈ కథ మొదలైందే అలా. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ ఏ ఒక్క కంపెనీ కోసమో కట్టింది కాదు. ఎల్ అండ్ టీతో కలిసి ప్రభుత్వమే అలాంటి హాలు కట్టించింది, ఎన్నో కంపెనీలు వచ్చి అందులో కూర్చున్నాయి.

సరే, ఈ హాల్ లోపల ఎలా ఉంటుందో చూద్దాం.

(ఏడో అంతస్తు. ఖాళీ ఫ్లోర్. సిమెంటు స్తంభాలు, పైన పైపులు.)

దీన్ని బేర్ షెల్ అంటారు. చూడండి, ఫాల్స్ సీలింగ్ లేదు, టైల్స్ లేవు, గోడలకు రంగు లేదు. స్తంభం మీద పెన్సిల్‌తో కొలతలు రాసి ఉన్నాయి. కింద సుద్దముక్కతో గళ్లు గీశారు. ఒక్కో గడి ఒక్కో మీటింగ్ రూమ్ అట. మూలన వాచ్‌మన్ నులక మంచం, దాని పక్కన స్టీల్ టిఫిన్ బాక్సు. ఇదొక్కటే ఇప్పుడు ఈ ఫ్లోర్‌లో మనిషి జాడ. ఇంకో ఆరు నెలల్లో ఇక్కడే ఐదారు వందల మంది కూర్చుంటారు. ఈ ఖాళీ హాలే ఓనర్ ఇచ్చేది. పందిరి, లైట్లు, కుర్చీలు, వంటవాళ్లు అన్నీ పెళ్లివారే చూసుకోవాలి. దాన్నే ఫిట్ అవుట్ అంటారు, ఖర్చు కంపెనీదే. ఏసీ, జనరేటర్ లాంటివి ఓనరే పెట్టిస్తే వార్మ్ షెల్.

అసలు విషయం అగ్రిమెంట్‌లో ఉంటుంది. లీజు తొమ్మిదేళ్లకు రాసుకోవడం మామూలు. మొదటి మూడు నుంచి ఐదేళ్లు లాక్ ఇన్. అంటే అప్పటిదాకా కంపెనీ ఖాళీ చేసినా అద్దె కట్టాల్సిందే. మూడేళ్లకోసారి పదిహేను శాతం పెంపు కూడా చాలా అగ్రిమెంట్లలో కనిపిస్తుంది. హాల్ అడ్వాన్స్ కట్టాక పెళ్లి ఆగిపోతే ఏమవుతుందో మీకు తెలుసు కదా. ముహూర్తం తప్పింది పెళ్లివారికి, హాల్ డబ్బు హాల్ ఓనర్ దగ్గరే ఉంటుంది. బ్యాంకులు కూడా ఈ అగ్రిమెంట్ చూసే ఓనర్‌కు అప్పు ఇస్తాయి. రాబోయే అద్దెల మీద ఇప్పుడే ఇచ్చే అప్పు అన్నమాట. హాల్ ఓనర్ బుకింగ్ డైరీ పట్టుకెళ్లి చూపిస్తే బ్యాంకు నమ్ముతుంది. అందుకే కంపెనీ వంద మందిని తీసేసింది అన్న వార్త రాగానే బిల్డింగ్ ఓనర్ గుండెలేం జారిపోవు. ఎవరి గుండెలు జారతాయో చెప్తాను.

మా పిన్ని మాదాపూర్‌లో ఒక సందులో లేడీస్ హాస్టల్ నడుపుతుంది. మూడంతస్తుల ఇల్లు లీజుకు తీసుకుని 42 బెడ్లు వేసింది. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ చెప్పగానే మూడు రోజుల్లో హాస్టల్ ఖాళీ. అమ్మాయిలు పోలీస్ స్టేషన్ ముందు లైన్లో నిలబడి అనుమతి కాగితాలు తెచ్చుకున్నారు. కొందరు బీరువా తాళాలు పిన్ని చేతిలో పెట్టి, "ఆంటీ, మళ్లీ వస్తాం" అని వెళ్లారు. నేను వెళ్లేసరికి మేడ మీద పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన పాత చీరలు కప్పి ఉంచింది. వంటగదిలో యాభై మందికి వండే గుండిగ బోర్లించి ఉంది. ఆ గిన్నె బోర్లించి ఉండటం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

ఆ సందు చివర నిలబడితే అద్దాల బిల్డింగ్ కనిపిస్తుంది. లోపల మనిషి లేడు, అయినా రాత్రిళ్లు లైట్లు వెలిగేవి. పెద్ద కంపెనీలు చాలావరకు ఆ రోజుల్లో కూడా ఆఫీసు అద్దెలు కడుతూనే వచ్చాయి. లాక్ ఇన్ ఉంది కాబట్టి. పిన్నికి మాత్రం అమ్మాయిలతో ఏ లాక్ ఇన్నూ లేదు, వాళ్లు నెలనెలా కట్టేవాళ్లు. ఇంటి ఓనర్‌తో మాత్రం లీజు ఉంది. బెడ్ల డబ్బు రాలేదు, ఇంటి అద్దె ఆగలేదు. బతిమాలితే ఆయన సగానికి తగ్గించాడు. ఆయనకూ లోను ఉంది, తప్పు పట్టలేను.

మూఢం వస్తే హాల్ ఓనర్ దగ్గర అడ్వాన్సులు ఉంటాయి. పూలవాళ్లకి, బ్యాండు మేళం వాళ్లకి, వడ్డన కుర్రాళ్లకి ఏం ఉంటాయి? ఐటీ వల్ల నగరం ఎలా మారింది అని లెక్క వేసేటప్పుడు అందరూ చదరపు అడుగులు చెప్తారు. టిఫిన్ బండి, హాస్టల్, క్యాబ్ డ్రైవర్ ఆ లెక్కలోకి రారు. నాకు దాని మీదే కోపం.

(మళ్లీ ఏడో అంతస్తు.)

ఇప్పుడు ఇంకో మార్పు. ఒకప్పుడు వెయ్యి మంది ఉద్యోగులంటే వెయ్యి కుర్చీలు. మనిషికి వంద చదరపు అడుగులు అనుకుందాం. లక్ష చదరపు అడుగులు. అడుగుకి నెలకు 70 రూపాయలనుకుంటే, నెలకు 70 లక్షలు. కరోనా తర్వాత కొన్ని కంపెనీలు వారానికి మూడు రోజులే ఆఫీసుకు రమ్మన్నాయి. ఐదు రోజుల్లో మూడు రోజులు కాబట్టి, రోజులు సరిగ్గా పంచితే ఆరు వందల కుర్చీలు చాలు. ఇది మనకు కొత్తా? బంతి భోజనాలు గుర్తు చేసుకోండి. ఆరు వందల మంది బంధువులకు ఆరు వందల కుర్చీలు వేసేవాళ్లా? రెండు వందలు వేసి మూడు బంతులు నడిపేవాళ్లు. దాన్నే ఇప్పుడు హాట్ డెస్క్ అంటున్నారు. చిక్కు కూడా అదే. అందరూ మొదటి బంతిలోనే కూర్చోవాలనుకుంటారు. మంగళ, బుధవారాలు ఆఫీసులో కుర్చీ దొరకదు, శుక్రవారం సగం ఫ్లోర్ ఖాళీ. నా డెస్కు, నా డ్రాయరు, పాప ఫోటో, ఇవన్నీ పోయాయి. అది చిన్న నష్టమేమీ కాదు. రోజుకు తొమ్మిది గంటలు కూర్చునే చోట మన వస్తువు ఒక్కటీ లేకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక స్టార్టప్‌ల సంగతి. పది మంది ఉన్న స్టార్టప్ తొమ్మిదేళ్ల లీజు ఎలా రాస్తుంది? వచ్చే ఏడాది ఐదుగురుంటారో యాభై మంది ఉంటారో వాళ్లకే తెలియదు. వాళ్ల కోసం వచ్చిందే కోవర్కింగ్, మేనేజ్డ్ ఆఫీస్. ఇక్కడ అడుగుల లెక్క ఉండదు, సీటు లెక్క ఉంటుంది. క్యాటరింగ్ వాళ్లు ప్లేటుకు ఇంత అని చెప్పినట్టే. కుర్చీ, వైఫై, కాఫీ, ఊడ్చేవాళ్లు, అన్నీ ఆ ప్లేటులోనే. మధ్యలో ఉన్న ఆపరేటర్ హాల్ ఓనర్ దగ్గర ఏళ్ల తరబడి లీజు తీసుకుని, మనకు నెలల లెక్కన ఇస్తాడు. గమనించారా, మా పిన్ని చేసేది కూడా అదే వ్యాపారం. పిన్నిది బెడ్డు, వీళ్లది సీటు. పైన పొడుగు లీజు, కింద నెలవారీ అద్దె. ప్రమాదం ఎక్కడుందో మీకు ఈపాటికి అర్థమైంది. తేడా ఏంటంటే ఇప్పుడు పెద్ద పెద్ద విదేశీ కంపెనీలు కూడా తమ హైదరాబాద్ సెంటర్ మొదలుపెట్టేటప్పుడు ఇలా ప్లేటు లెక్కనే తీసుకుంటున్నాయి. మనుషులు కుదురుకున్నాక సొంతంగా లీజుకు వెళ్తున్నాయి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

హైదరాబాద్‌లోనే ఇన్ని ఎత్తైన బిల్డింగులు ఎందుకు? చాలా నగరాల్లో స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలని ఎఫ్ఎస్ఐ పరిమితి ఉంటుంది. 2006 నుంచి మనకు ఆ పరిమితి లేదు. ముందున్న రోడ్డు వెడల్పు, స్థలం సైజు, చుట్టూ వదిలే ఖాళీ, వీటిని బట్టే ఎత్తు. అందుకే హాళ్లు ఎక్కువ, బెంగళూరుతో పోలిస్తే అద్దె తక్కువ. కంపెనీలు ఇటు రావడానికి అదొక పెద్ద కారణం.

సెజ్, అంటే ప్రత్యేక ఆర్థిక మండలి, శాకాహార భోజనాలకే ఇచ్చే హాలు లాంటిది. ఎగుమతి చేసే యూనిట్లకే ఇవ్వాలి. 2020 మార్చి 31 తర్వాత మొదలైన యూనిట్లకు ఆదాయపు పన్ను మినహాయింపు లేదు కాబట్టి ఆ హాళ్లు అడిగేవాళ్లు తగ్గారు, అంతస్తులు ఖాళీగా పడి ఉండేవి. 2023 డిసెంబరులో కేంద్రం రూల్స్ మార్చి, ఐటీ సెజ్‌లలో అంతస్తుల లెక్కన బయటి కంపెనీలకూ ఇచ్చుకోవచ్చంది.

హాల్‌లో మీరు కూడా వాటా కొనొచ్చు. చాలామంది డబ్బు కలిపి అద్దె బిల్డింగులకు ఓనర్‌గా ఉండే సంస్థను రీట్ అంటారు. మాదాపూర్ మైండ్‌స్పేస్ ఐటీ పార్కు ఉన్న రీట్ 2020 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కు వచ్చింది. కంపెనీలు కట్టే అద్దెలో యూనిట్ కొన్నవాళ్లకు వాటా వస్తుంది. కొనమని చెప్పట్లేదు, ఓనర్ అంటే ఇలా కూడా ఉంటాడని చెప్తున్నాను.

చివరగా బావ ప్రశ్న. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. ఎకరం అంటే 4,840 గజాలు, అంటే గజం రెండు లక్షల పైమాటే. అది అన్ని అంతస్తులు కట్టుకోగలిగే నేల ధర. దాన్ని చూపించి ముప్పై కిలోమీటర్ల అవతల ప్లాటు అమ్మే ఏజెంట్లు ఉన్నారు. మా బావకు కూడా ఒకతను అదే చెప్పాడు, పక్కనే పెద్ద కంపెనీ వస్తోందని. కంపెనీ వచ్చినా అద్దెకే వస్తుంది బావా, పదేళ్లకు ఇంకో హాల్‌కు వెళ్లొచ్చు. ఫ్లాట్ కొనేటప్పుడు గేటు మీద పేరు చూడకండి. రెరా నంబరు, అంటే ప్రాజెక్టును ప్రభుత్వ రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో రిజిస్టర్ చేసిన నంబరు ఉందా, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, మీరు రోజూ వెళ్లే చోటుకు ఎంతసేపు పడుతుంది, ఇవి చూడండి. నంబరు రాకముందే ప్రీ లాంచ్ ఆఫర్ అని మొత్తం డబ్బు కట్టమంటే కట్టకండి. 500 చదరపు మీటర్లకు మించిన స్థలమూ, ఎనిమిదికి మించి ఫ్లాట్లూ ఉన్న ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా అమ్మడమే కాదు, ప్రకటన ఇవ్వడం కూడా చట్టప్రకారం తప్పు.

పిన్ని హాస్టల్ మళ్లీ నడుస్తోంది. పోయినసారి లీజు రాసేటప్పుడు ఇంటి ఓనర్‌తో కూర్చుని ఒక లైను పెట్టించింది. ప్రభుత్వం మూయించిన నెలలకు అద్దెలో నాలుగో వంతే కట్టాలని. ఆ లైను కింద ఇద్దరూ సంతకాలు చేశారు. ఆ కాగితం జిరాక్సు మా ఇంట్లో కూడా ఒకటి ఉంచమని ఇచ్చింది.