ఆపరేషన్ కాగితం ఎవరి బీరువాలో ఉంది?

(పర్లాకిమిడిలో తెలుగు మహిళల సమావేశంలో ఒక ప్రసూతి వైద్యురాలి ప్రసంగ పాఠం)

అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, అత్తగార్లకు నమస్కారం. అత్తగార్లను పనిగట్టుకుని పిలవమన్నాను. పురుడు ఎక్కడ పోయాలన్న మాట చాలా ఇళ్లలో ఇప్పటికీ వాళ్లదే.

"మొదటిది ఆపరేషన్ అయింది డాక్టరమ్మా, రెండోదైనా మామూలుగా అవుతుందా?" అని అడుగుతారు. ఆపరేషన్ కాగితం తెచ్చావా అమ్మా అంటాను నేను. "అది మా అమ్మ బీరువాలో ఉందండి, టెక్కలిలో." తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. పుట్టిల్లు ఆంధ్రలో, అత్తిల్లు ఒడిశాలో. 1936లో ఒడిశా వేరుపడినప్పుడు గీసిన సరిహద్దు గీత పిల్లనిచ్చి పుచ్చుకోవడానికి ఏనాడూ అడ్డురాలేదు కానీ, కాగితాలు మాత్రం ఆంధ్ర సరిహద్దులోని పాతపట్నం దాటి ఇటు రావు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో 100 కాన్పుల్లో 42 ఆపరేషన్లే. ఒడిశాలో 22 దాకా. తొలి పురిటికి అటు వెళ్లిన పిల్ల కుట్లతో తిరిగొస్తే మనకు వింతేమీ కాదు. అందులో ప్రాణం నిలబెట్టినవి ఉన్నాయి, ముహూర్తం చూసి చేయించుకున్నవీ ఉన్నాయి. ముహూర్తాల గురించి ఇంకోరోజు తిడతాను.

కాగితం ఎందుకంటే, పొట్ట మీద కుట్టు చూసి గర్భసంచి మీద కోత ఎలా పడిందో చెప్పలేం. స్కానింగ్‌లోనూ నమ్మకంగా తెలియదు. 1916లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పటికీ సిజేరియనే అన్నాడు. ఆ రోజుల్లో గర్భసంచి పైభాగంలో నిలువుగా కోసేవారు, ఆ మచ్చ నొప్పులకు తట్టుకోదు. తర్వాత గ్లాస్గోలో మన్రో కెర్ వంటివాళ్లు కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని నిలబెట్టారు. ఇప్పుడు దాదాపు అన్నీ అడ్డకోతలే. కానీ బాగా నెలలు తక్కువ బిడ్డకో, అడ్డం తిరిగిన బిడ్డకో ఒక్కోసారి నిలువుకోత తప్పదు. అలాంటి తల్లిని మళ్లీ నొప్పుల దాకా పోనివ్వకూడదు. కాగితం దొరకనంత మాత్రాన దారి మూసుకుపోదు. ఎన్నో నెలలో, ఎందుకు చేశారో విని ఒక అంచనాకు వస్తాం. అయినా అంచనా అంచనాయే.

ఒకే ఆపరేషన్, అడ్డకోత, వేరే ఇబ్బంది లేదు అనుకోండి. అలాంటివాళ్లు ప్రయత్నిస్తే 100కి 60 నుంచి 80 మందికి మామూలు కాన్పు అవుతుంది. అంతకు ముందో తర్వాతో ఒక మామూలు కాన్పు అయినవాళ్లకు ఇంకా ఎక్కువ. మొదటిసారి బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని కోసి ఉంటే ఆశ ఎక్కువ. నొప్పులన్నీ పడ్డాక బిడ్డ దిగక కోసి ఉంటే కొంత తక్కువ.

ఇక భయపడాల్సిన మాట. 200 మందిలో సుమారు ఒకరికి ఆ పాత మచ్చ విచ్చుకుంటుంది. అప్పుడు తల్లికి రక్తం పోతుంది, బిడ్డకు ఊపిరి అందదు. చేతిలో ఉండేవి నిమిషాలే. అందుకే ఈ ప్రయత్నం రాత్రీ పగలూ ఆపరేషన్ థియేటరు, మత్తు డాక్టరు, రక్తం, పిల్లల డాక్టరు ఉన్నచోటే చేయాలి. మోహనా వైపు కొండల్లో ఉంటూ, నొప్పులొచ్చాక 108కి ఫోన్ చేద్దాంలే అనుకుంటే, వానాకాలం ఘాట్ రోడ్డు మన మాట వినదు. కొండ ప్రాంతాల గర్భిణులు ముందే వచ్చి ఉండటానికి ప్రభుత్వం 'మా గృహ' అనే వసతి ఇళ్లు పెట్టింది. ఆశా దీదీని అడగండి. "మేం పొలం గట్టున కనలేదా" అనే అత్తగార్లూ, మీ గర్భసంచికి కోత లేదమ్మా.

నొప్పులు రావట్లేదని ఎవరో ఇచ్చిన మాత్ర మింగడం అన్నిటికన్నా ప్రమాదం. నొప్పులు రప్పించే మిసోప్రోస్టాల్ పాత కోత ఉన్న నిండు గర్భిణికి వాడకూడదు. పోయిన కాన్పుకీ ఈ కాన్పుకీ మధ్య ఏడాదిన్నర కూడా లేకపోతే మచ్చ విచ్చుకునే ముప్పు పెరుగుతుంది.

అలాగని మళ్లీ ఆపరేషనే హాయి అనుకోవద్దు. ఒక ఆపరేషన్ అయినామెకు తర్వాతి గర్భంలో మాయ గర్భసంచి ముఖద్వారం మీద కూర్చుంటే, అది కండలోకి పాతుకుపోయే అవకాశం 100కి 11. రెండు ఆపరేషన్లయితే 40. అప్పుడు గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. ముగ్గురు బిడ్డలు కావాలనుకునే ఇల్లు ఈ లెక్క రెండో కాన్పు దగ్గరే వేసుకోవాలి. మరోవైపు, నొప్పులు పడి పడి చివరికి హడావిడిగా కోయాల్సి వస్తే, ముందే అనుకున్న ఆపరేషన్ కన్నా జ్వరాలు, రక్తస్రావం ఎక్కువ. అదీ తెలిసే ఒప్పుకోవాలి. అన్నీ విని ఆపరేషనే కావాలన్న పిల్లను పిరికిది అనకండి.

ఈ వారమే పుట్టింటికి ఫోన్ చేసి ఆ కాగితం రెండు వైపులా ఫొటో తెప్పించుకోండి. కోత ఏ రకమో అందులో లేకపోతే ఆ ఆసుపత్రిలో కేస్ షీట్ నకలు అడగండి, అడిగే హక్కు మీకుంది. నొప్పుల మధ్య విరామంలోనూ పాత కుట్టు దగ్గర నొప్పి తగ్గకపోయినా, రక్తం కనిపించినా, వస్తున్న నొప్పులు ఉన్నట్టుండి ఆగిపోయినా సిస్టర్‌ని వెంటనే పిలవండి. మళ్లీ ఆపరేషనే అని నిర్ణయించుకున్నవాళ్లకు మామూలుగా 39 వారాలు నిండాక తేదీ ఇస్తాం. ఆ తేదీకి ముందే నొప్పులు మొదలైతే తేదీ వచ్చేదాకా ఇంట్లో ఆగకండి, అప్పటికప్పుడు బయల్దేరండి.