ముందు ఆయన రిపోర్ట్ చూడండి

తెర మీద: "ఏమ్మా, విశేషం ఏమైనా ఉందా?"

వాయిస్: ఈ ప్రశ్న ఎప్పుడూ కోడలికే ఎదురవుతుంది. పరీక్షలూ ఆమెకే మొదలవుతాయి. థైరాయిడ్, స్కానింగులు, ట్యూబుల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే... అన్నీ అయ్యాక గానీ భర్త ల్యాబ్ గడప తొక్కడు. ఇది చాలా అన్యాయం. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా లోపం ఉంటుంది. సూది గుచ్చే పనే లేని వీర్య పరీక్ష మొదటి వారంలోనే చేయించండి. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టర్ని కలవాలి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలి.

తెర మీద: శాంపిల్ డబ్బా, గడియారం

వాయిస్: పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు కలయిక, హస్తప్రయోగం రెండూ ఆపాలి. వ్యవధి తక్కువైతే కౌంట్, అంటే వీర్యకణాల సంఖ్య, తగ్గి కనిపిస్తుంది, మరీ ఎక్కువైతే కదలిక మందగిస్తుంది. ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. నూనె, సబ్బు, ఉమ్మి, మామూలు కండోమ్ ఏవీ వాడకూడదు. కణాలు ఎక్కువగా ఉండేది మొదటి చుక్కల్లోనే. అవి కింద పడిపోతే మొహమాటపడకుండా చెప్పేయండి, లేకపోతే రిపోర్టే తప్పుగా వస్తుంది.

ల్యాబ్ గదిలో చాలామందికి సాధ్యపడదు. బయట జనం, తలుపు మీద చప్పుడు... అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంటి నుంచి తేవచ్చా అని ముందే ఫోన్ చేసి అడగండి. తెస్తే గంటలోపు, చొక్కా లోపల ఒంటికి ఆనించుకుని తేవాలి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు.

తెర మీద: రిపోర్ట్ క్లోజప్

వాయిస్: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 కొలతల ప్రకారం కనీస హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కోటి 60 లక్షల కణాలు, కదలిక 42 శాతం. సరైన ఆకారం 4 శాతం ఉన్నా చాలు. ఆ నాలుగుని చూసి హడలిపోకండి. ఈ హద్దుల కంటే కాస్త తగ్గినంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు.

వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. మొన్నటి తీవ్ర జ్వరం ప్రభావం ఇవాళ్టి రిపోర్ట్‌లో కనిపించవచ్చు. అందుకే తేడా వస్తే సాధారణంగా మూడు నెలల తర్వాత మళ్లీ చేయిస్తారు. జిమ్‌లో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటుంటే డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. కండ పెరుగుతుంది గానీ లోపల కణాల తయారీ పడిపోతుంది.

జీరో కౌంట్ వచ్చినా ఒక్క రిపోర్ట్‌తో ఆశ వదులుకోవద్దు. కణాలు బయటికి వచ్చే దారి మూసుకుపోయిందా, తయారీయే లేదా అన్నది తేల్చాలి. దారి మూసుకుపోతే వృషణం వైపు నుంచి కణాలు తీసి ఇక్సీ, అంటే ల్యాబ్‌లో ఒక్క కణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడం, చేసే వీలుంటుంది.

తెర మీద: బంధువుల ఇల్లు, భోజనాల వేళ

వాయిస్: భర్తకి ఒక్క మాట. మీ వాళ్లు అడిగితే జవాబు మీరే చెప్పండి, ఆమె మీదకు నెట్టకండి. "చూపించుకుంటున్నాం పిన్నీ, ఏదైనా ఉంటే మేమే చెప్తాం" అంటే సరిపోతుంది. సీమంతానికి వెళ్లే ఓపిక ఆమెకు లేని రోజున మీరొక్కరే వెళ్లి అక్షింతలు వేసి రండి.