యాభై రెండులోంచి ఇరవై ఏడు పోతే ముప్పై అయిదా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. ఒకటి నుంచి అయిదో తరగతి దాకా పిల్లల లెక్కలు, కోడింగ్ మీద ఈ పూట మీ ప్రశ్నలు అడగొచ్చు. జవాబులు చెప్పడానికి ప్రాథమిక తరగతుల గణితం బోధించే టీచర్ మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి ఫోన్ వరంగల్ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. మా బాబు మూడో తరగతి. కూడికలు మంచిగ చేస్తడు, తీసివేతలే వస్తలేవు. యాభై రెండులకెళ్లి ఇరవై ఏడు తీసెయ్యమంటే ముప్పై అయిదు అంటడు. ఎన్నిసార్లు చెప్పినా, తిట్టినా గంతే.

టీచర్: తిట్టకండమ్మా. బాబు అజాగ్రత్తగా చెయ్యట్లేదు. ఏడులోంచి రెండు తీస్తే అయిదు, అయిదులోంచి రెండు తీస్తే మూడు. ‘పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలి’ అని చిన్న తరగతిలో మనం చెప్పిన మాటనే తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. 52 అనేది ఒక మొత్తమని మరిచిపోయి, అంకెలను దేనికది విడిగా చూస్తున్నాడు. ఇంట్లో చీపురు పుల్లలున్నాయా?

కాలర్: ఉన్నయ్ మేడమ్.

టీచర్: వేలెడు పొడవు ముక్కలు యాభై రెండు తుంచండి. పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయించండి. కట్టలు బాబే కట్టాలి. మీరు కట్టి ఇస్తే అందులో పదున్నాయని నమ్ముతాడు, తనే కడితే తెలుస్తుంది. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు అవుతాయి. ఇప్పుడు రెండు కట్టలూ ఏడు పుల్లలూ ఇవ్వమని అడగండి, ముందు పుల్లలు ఇవ్వమనండి. చేతిలో విడివి రెండే ఉంటాయి. అక్కడ మీరు నోరు విప్పకూడదు. కాసేపు చూసి తనే ఒక కట్ట విప్పుతాడు. విప్పాక ‘ఇప్పుడు మొత్తం ఎన్ని?’ అనండి. చాలామంది పిల్లలు అక్కడ తడబడి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెడతారు. పెట్టనివ్వండి. నాలుగు కట్టలు, పన్నెండు పుల్లలు కలిపినా యాభై రెండే అని తన నోటితో రావాలి. ఏడు పుల్లలు ఇస్తే అయిదు మిగులుతాయి, రెండు కట్టలు ఇస్తే రెండు మిగులుతాయి. ఇరవై అయిదు.

కాలర్: బడిల ‘అప్పు తెచ్చుకోవాలె’ అని చెప్తరు కదా?

టీచర్: ఆ మాట నాకు నచ్చదమ్మా. అప్పు తెస్తే తిరిగి ఇవ్వాలి కదా, ఇక్కడ ఎవరికీ ఏమీ ఇవ్వం. ‘కట్ట విప్పు’ అనండి, జరిగేది అదే. రోజుకు నాలుగు లెక్కలు చాలు. కొన్నాళ్లకు పుల్లల బదులు నోటుబుక్కులో కట్టకు నిలువు గీత, పుల్లకు చుక్క పెట్టించండి. మీరు చెప్పకుండానే ఒక గీత కొట్టేసి పది చుక్కలు పెట్టిన రోజున అంకెలతో మొదలుపెట్టొచ్చు. ఆ తర్వాత సున్నా దగ్గర మళ్లీ ఆగుతాడు. 403లోంచి 168 తియ్యమంటే 365 అనొచ్చు. దానికి పుల్లలు చాలవు. డబ్బులు వాడండి, కాగితం మీద రాసిన నోట్లయినా సరే. నాలుగు వందనోట్లు, మూడు రూపాయి బిళ్లలు. పదినోట్లు ఒక్కటీ లేవు. ఎనిమిది రూపాయలు ఇవ్వాలంటే ముందు వందనోటు మార్చి పది పదినోట్లు తేవాలి, అందులో ఒకటి మార్చి చిల్లర తేవాలి. మూడు వందలు, తొమ్మిది పదులు, పదమూడు బిళ్లలు. సున్నా మీద తొమ్మిది ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లలకు అంతుపట్టేది ఇలాగే. 235 మిగులుతుంది.

యాంకర్: తర్వాత శ్రీకాకుళం జిల్లా నుంచి. చెప్పండి మాస్టారూ.

కాలర్: నమస్కారమండి. మాది ఏకోపాధ్యాయ పాఠశాల. నాలుగు, అయిదు తరగతులు కలిపి పద్నాలుగు మంది. కంప్యూటర్ లేదు. కోడింగ్ నేర్పొచ్చా?

టీచర్: నేర్పొచ్చు. ఈ వయసుకు సుద్దముక్క చాలు. వరండాలో అష్టాచెమ్మా గడులు వెయ్యండి, అయిదు వరసలు, అయిదేసి గళ్లు, గడి రెండడుగులు. పది అడుగుల చోటు సరిపోతుంది. అట్టముక్కల మీద మూడు రకాల కార్డులు రాయించండి: ‘ముందుకు ఒక గడి’, ‘కుడికి తిరుగు’, ‘ఎడమకు తిరుగు’. ఒకరు రోబో, ఇద్దరు కార్డులు పేర్చేవాళ్లు, ఒకరు తప్పు పట్టేవాళ్లు. మూల గడిలోంచి మధ్య ఇంటికి చేరాలి. ముందుకు, ముందుకు, కుడికి, ముందుకు, ముందుకు. అయిదు కార్డులు.

కాలర్: ఒకసారి చేయించాను. గోలగోలైపోయింది. ‘కుడికి’ అనగానే రోబో పక్క గడిలోకి గెంతేస్తాడు.

టీచర్: అందరు పిల్లలూ చేసేదే. తిరగడం వేరు, కదలడం వేరు. మొదటి రోజు గళ్లు లేకుండా, నిలబడ్డ చోటే తిరగడం ఒక్కటే ఆడించండి. కుడిచేతికి రబ్బరు బ్యాండు వెయ్యండి. కార్డులు పేర్చేవాళ్లను రోబోకు ఎదురుగా కాదు, వెనక నిలబెట్టండి. ఎదురుగా ఉంటే తమ కుడినే రోబో కుడి అనుకుంటారు. ఇంకోటి, కార్డులన్నీ నేలమీద పేర్చాకే రోబో కదలాలి, మధ్యలో ఎవరూ అరిచి దిద్దకూడదు. తప్పు గడికి చేరితే అన్నీ చెరిపి మొదలుపెట్టనివ్వకండి. ఏ కార్డు దగ్గర దారి తప్పిందో వేలు పెట్టి చూపించాలి. డీబగ్గింగ్ అంటే అదే.

అది కుదిరాక బయటి అంచంతా ఒక చుట్టు తిప్పి మొదటి గడికి రమ్మనండి. నాలుగుసార్లు ముందుకు, ఒకసారి కుడికి, ఇలా నాలుగు పక్కలకు ఇరవై కార్డులు. పేర్చి పేర్చి విసుగొస్తుంది, రావాలి కూడా. అప్పుడు ‘4 సార్లు’ అని రాసిన కార్డు ఒకటి ఇవ్వండి, ఏవి తిరిగి చెయ్యాలో చుట్టూ సుద్దతో గీత గియ్యమనండి. ఇరవై కాస్తా ఆరు కార్డులవుతాయి. రెండో ‘4 సార్లు’ కార్డు ఇస్తే నాలుగుతోనే అయిపోతుంది. అది పిల్లలే కనిపెడతారు, తొందరపడి మీరు చెప్పెయ్యకండి.

యాంకర్: గుంటూరు నుంచి పెద్దాయన.

కాలర్: అమ్మా, మా మనవరాలు నాలుగో తరగతి. ఎక్కాలు నిలబడటం లేదు. ఏడెనిమిదులు అడిగితే మొదటి నుంచీ పాట ఎత్తుకుంటుంది.

టీచర్: పాటగా వస్తోందంటే సగం పని అయిందండి. ఇప్పుడు వరస తప్పించి అడగాలి. పదో ఎక్కం దాకా వంద లెక్కలు కనిపిస్తాయి కానీ, ఏడెనిమిదులన్నా ఎనిమిదేడులన్నా ఒకటే కాబట్టి యాభై అయిదే. ఒకటి, రెండు, అయిదు, పది ఎక్కాలు సులువు, అవి తీసేస్తే ఇరవై ఒకటి మిగులుతాయి. వాటికి చీటీలు రాసి రోజుకు మూడే పట్టుకోండి. చిక్కుకుంటే తెలిసినదాంట్లోంచి పట్టుకోనివ్వండి: ఏడయిదులు ముప్పై అయిదు, ఏడుమూళ్లు ఇరవై ఒకటి, కలిపితే ఏడెనిమిదులు యాభై ఆరు. గడియారం పెట్టి కంగారు పెట్టకండి.

యాంకర్: చివరి ఫోన్, హైదరాబాద్ నుంచి.

కాలర్: మేడమ్, మా పాప అయిదో తరగతి. స్క్రాచ్‌లో, అదే కంప్యూటర్‌లో బ్లాకులు పేర్చి ప్రోగ్రాములు చేసేదాంట్లో, వీడియోలు చూసి గేములు చేసేస్తుంది, సొంతంగా మాత్రం ఏమీ రాదు. నిన్న త్రిభుజం గీద్దామని కూర్చున్నాం. స్కూల్లో సమబాహు త్రిభుజం కోణం 60 డిగ్రీలని చెప్పారు. రిపీట్ 3, మూవ్ 100, టర్న్ 60 పెడితే, అంటే 100 ముందుకు నడిచి 60 డిగ్రీలు తిరగడం మూడుసార్లు చెయ్యమంటే, త్రిభుజం రాలేదు.

టీచర్: సగం షడ్భుజి వచ్చి ఆగిపోయుంటుంది.

కాలర్: అవునండి!

టీచర్: 60 అనేది త్రిభుజం లోపలి కోణం. తెర మీద గీత గీసే పిల్లి బొమ్మ తిరగాల్సింది అది కాదు. నేలమీద త్రిభుజం గీసి పాపను అంచు వెంట నడవమనండి. మూలకు వచ్చాక నేరుగా పోయే దారి వదిలి ఎంత తిరుగుతుందో చూడమనండి. 180లోంచి 60 తీస్తే 120. చతురస్రంలో లోపలా బయటా 90 కాబట్టి ఈ తప్పు అక్కడ బయటపడదు, త్రిభుజంలోనే పడుతుంది. అందుకే చతురస్రం రాగానే ఆపెయ్యకుండా త్రిభుజం తప్పకుండా గీయించాలి. మూడు మూలలూ తిరిగి మొదటి దిక్కుకే వస్తే మొత్తం 360 డిగ్రీలు. దాన్ని అయిదుతో భాగిస్తే పంచభుజికి 72, ఆరుతో భాగిస్తే 60. ఇక్కడ భాగహారానికి ఒక పని దొరికింది చూడండి.

కాలర్: గీతే కనబడలేదండి మొదట.

టీచర్: గీత గీయించే పెన్ బ్లాకులు మామూలుగా కనిపించవు, ఎడమవైపు కింది మూలలో ఎక్స్‌టెన్షన్ గుర్తు నొక్కి తెచ్చుకోవాలి. ప్రోగ్రాము మొదలుపెట్టే జెండా బ్లాకు కింద వరసగా పెన్ ఎత్తడం, పాత గీతలు చెరపడం, ఎక్స్ 0 వై 0కి వెళ్లడం, 90 దిక్కుకు తిరగడం, పెన్ దించడం పెట్టండి. ఇవి లేకపోతే పిల్లి నిన్న ఆగిన చోటి నుంచే మొదలవుతుంది, సరైన కోడ్ కూడా తప్పులా కనిపిస్తుంది. రిపీట్ లోపల అర సెకను వెయిట్ పెడితే ఏ మూల దగ్గర ఏం జరుగుతోందో కంటికి ఆనుతుంది. తెర ఎత్తు 360 స్టెప్పులు, మధ్యనుంచి కిందికి 180. అష్టభుజికి భుజం 100 పెడితే పట్టదు, 50 చెయ్యండి. జెండా నొక్కేముందు ఏ బొమ్మ వస్తుందో కాగితం మీద గియ్యాలని మాత్రం నియమం పెట్టండి. వీడియో చూసి చేసేదానికీ సొంతంగా చేసేదానికీ తేడా అక్కడే వస్తుంది.

కాలర్: నక్షత్రం అడుగుతోందండి, అయిదు మూలలది.

టీచర్: రిపీట్ 5, టర్న్ 144. 360ని అయిదుతో భాగిస్తే 72 కదా, మరి 144 ఎందుకని పాప అడుగుతుంది. జవాబు చెప్పకండి. నేలమీద పెద్ద నక్షత్రం గీసి, గీత వెంట నడుస్తూ తను మొత్తం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టమనండి.