దండు పొయ్యి, పేట పోపు: బెంగళూరు బేకరీలు, తిండి వీధులు

సభకు నమస్కారం.

నా చిన్నతనంలో మదనపల్లె బస్టాండుకు ఎదురుగా ఒక బోర్డు ఉండేది. ఎర్ర అక్షరాలతో ‘బెంగళూరు అయ్యంగార్ బేకరీ’ అని రాసి ఉండేది. ఇక్కడ కూర్చున్నవారిలో అనంతపురం వాళ్ళున్నారు, నెల్లూరు వాళ్ళున్నారు, కర్నూలు, హైదరాబాదు నుంచి వచ్చినవాళ్ళున్నారు. మీ మీ ఊళ్ళలో కూడా ఈ బోర్డు చూసే ఉంటారు. జ్వరం వచ్చినవాళ్ళకు పాలల్లో ముంచి పెట్టే బ్రెడ్డూ, పుట్టినరోజు కేకూ, బడి నుంచి వస్తూ కొనుక్కునే బన్నూ ఆ బోర్డు కింది నుంచే మన ఇళ్ళకు వచ్చేవి. మా అవ్వ మడి విషయంలో చాలా పట్టుదల మనిషి; హోటల్లో కాఫీ కూడా ముట్టేది కాదు. ఆమె సైతం ఆ బేకరీ బన్నును కాదనకుండా, “అయ్యంగార్లు చేసిందే కదరా, గుడ్డు పడి ఉండదులే” అని తినేది. తెల్లవాళ్ళ తిండి అనుకున్న రొట్టె అంత మడి మనిషి నోటిదాకా ఎలా వచ్చిందన్న ప్రశ్న నాకు 1984లో ఉద్యోగం కోసం ఈ నగరానికి వచ్చాక గాని పుట్టలేదు. అప్పటి నుంచి దానికి జవాబు వెతుక్కుంటూ బేకరీల ముందు, తిండి వీధుల్లో నిలబడి నేను తెలుసుకున్న సంగతులే ఈరోజు మీకు చెబుతాను.

ఒకప్పుడు బెంగళూరు ఒక ఊరు కాదు, పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్ళు. కెంపేగౌడ 1537లో కట్టించిన కోట చుట్టూ పెరిగిన పేట ఒకటి. చిక్కపేట, బళేపేట, అవెన్యూ రోడ్డు ఆ పేటలోవే; ఇప్పటికీ అక్కడ బేరసారాల్లో కన్నడంతో పాటు తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. రెండోది దండు, అంటే కంటోన్మెంటు. 1799లో టిప్పు సుల్తాన్ రాజధాని శ్రీరంగపట్నం పడిపోయిన తరువాత ఆంగ్లేయ సైన్యం అక్కడే మకాం వేసింది. అయితే అక్కడి దోమలకూ జ్వరాలకూ తాళలేక 1809లో హలసూరు పక్కకు తరలివచ్చింది. సైనికుడికి పొద్దున్నే రొట్టె కావాలి కాబట్టి దండు వెంట ఇటుక పొయ్యి కూడా వచ్చింది. నడుమ కబ్బన్ పార్కు అడ్డుగా ఉన్న ఈ రెండు ఊళ్ళకు వేర్వేరు మునిసిపాలిటీలు ఉండేవి. అవి కలిసి ఒకే కార్పొరేషన్ అయింది 1949లోనే. అంటే కాగితం మీద ఊళ్ళు కలవడానికి అరశతాబ్దం ముందే పొయ్యి దగ్గర అవి కలిసిపోయాయి.

ఆ కలయిక జరిగిన చోటు చిక్కపేట. హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన తిరుమలాచార్ కుటుంబం 1898లో అక్కడ ప్రారంభించిన బెంగళూరు బ్రదర్స్ బేకరీని, అంటే బి.బి. బేకరీని, అయ్యంగార్ బేకరీలకు మొదటిదిగా చెబుతారు. ఆ సంవత్సరమే ప్లేగు ఈ ఊరిని గడగడలాడించింది. బసవనగుడి, మల్లేశ్వరం పేటలు ఆ ప్లేగు తరువాత ఏర్పడ్డవే. ఇరుకు సందుల్లోని జనం కొత్త పేటలకు తరలిపోతున్న ఆ కాలంలో, ఇంట్లో వండుకోకుండానే దొరికే, గుడ్డు తగలని, రెండు రోజులు నిలవ ఉండే తిండికి ఎంత గిరాకీ ఏర్పడి ఉంటుందో ఊహించుకోవచ్చు. తరువాత హాసన్ వైపు పల్లెల నుంచి అన్నదమ్ములు, బావమరుదులు, పక్కింటివాళ్ళు ఒకరి వెనుక ఒకరు వచ్చి ఈ పని నేర్చుకున్నారు. నేర్చుకున్నవాడు ఇంకో వీధిలో పొయ్యి పెట్టాడు, అతని దగ్గర నేర్చుకున్నవాడు ఇంకో ఊరికి వెళ్ళాడు. మదనపల్లె బోర్డు ఆ వరుసలోదే. ఈనాడు అలాంటి బోర్డు పెట్టుకున్నవారందరూ అయ్యంగార్లు కారు, కానవసరమూ లేదు. గుడ్డు లేకుండా చేసే ఆ పద్ధతికే ఆ పేరు స్థిరపడిపోయింది.

పద్ధతి అన్నాను కాబట్టి ఒక పొయ్యిని దగ్గరగా చూపిస్తాను. బసవనగుడి వెనుక సందుల్లో నేను తరచూ వెళ్ళే ఒక చిన్న బేకరీలో ఇప్పటికీ కట్టెల పొయ్యే ఉంది. గది అంత ఇటుక గూడు, దానికి మోకాలెత్తున ఒక చిన్న నోరు. రాత్రి లోపల కట్టెలు పేర్చి మంట పెడతారు. గోడలూ నేలా బాగా కాగిన తరువాత నిప్పులను ఒక మూలకు నెట్టి, తడి గోనెపట్టాను కర్రకు చుట్టి నేల తుడుస్తారు. అప్పటి నుంచి మంటతో పని లేదు, ఇటుక దాచుకున్న వేడి మీదే ఆ రోజు పనంతా నడుస్తుంది. పొయ్యి మంచి కాక మీద ఉన్నప్పుడు బ్రెడ్డూ బన్నులూ వెళ్తాయి, కాస్త తగ్గాక కేకులు, ఇంకా తగ్గాక వెన్న బిస్కత్తులు, ఖారా బిస్కత్తులు. చిట్టచివర, చెయ్యి పెడితే వెచ్చగా మాత్రమే తగిలే వేళకు, కోసిన బ్రెడ్డు ముక్కలు లోపలికి వెళ్ళి తెల్లారేసరికి రస్కులై వస్తాయి. గ్యాసు, కరెంటు పొయ్యిలు వచ్చిన చోట ఈ వరుస తప్పింది. ఏ సరుకైనా ఏ వేళనైనా చేయవచ్చు. అయినా పాతవారు ఆ వరుసనే పాటిస్తున్నారు. అందుకే నేను ఎవరికైనా చెప్పే మొదటి మాట, బేకరీకి వెళ్ళి ‘ఏముంది’ అని అడగవద్దు, ‘ఇప్పుడేం దిగింది’ అని అడగమని.

మధ్యాహ్నం నాలుగు దాటాక దిగేది ఖారా బన్ను. పొంగిన మైదా ముద్దలో సన్నగా తరిగిన పచ్చిమిరప, ఉల్లిపాయ, కొత్తిమీర, జీలకర్ర, కొన్ని చోట్ల కరివేపాకు, ఇంకొన్ని చోట్ల సబ్బసిగె, అంటే సోయికూర, కలిపి పిసుకుతారు. పొడుగాటి చెక్క తెడ్డు మీద పళ్ళెం బయటికి రాగానే పైన నూనె రాస్తారు. ఆ వేడి చల్లారకముందే వీధిలో వాసన తెలుస్తుంది. దాన్ని విరిస్తే ఆవిరి వస్తుంది, ఆవిరిలో మన ఇంటి ఉప్మా పోపు వాసన ఉంటుంది. ఈ నగరం గురించి నాకు అర్థమైనది ఆ ఆవిరిలోనే అర్థమైంది. పొయ్యి దండు నుంచి వచ్చింది, పోపు పేట వేసింది. రొట్టె నేర్చుకున్నవాళ్ళు దాన్ని ఉన్నదున్నట్టు చేసి ఊరుకోలేదు; తమ నాలుకకు ఏం కావాలో దానికి నేర్పారు. కొబ్బరి, టూటీఫ్రూటీ, జీడిపప్పు దట్టించిన దిల్‌పసంద్‌ను చూడండి, మన బొబ్బట్టుకు అది దూరపు చుట్టం కాదని ఎవరనగలరు? పాకంలో నానబెట్టి, పైన జామ్ పూసి కొబ్బరి పొడి చల్లిన హనీ కేకును చూడండి. బ్రెడ్డును పెనం మీద కాల్చి క్యారెట్టు, ఉల్లిపాయ మసాలా పెట్టిచ్చే మసాలా టోస్టు గురించి ఈ ఊళ్ళో చదువుకున్న ఏ విద్యార్థినైనా అడగండి.

కాంగ్రెస్ కడలెకాయి సంగతి మాత్రం ఒక మాట చెప్పాలి. పొట్టు తీసి రెండు బద్దలు చేసిన వేరుశనగ గింజలకు మిరియాలు, కారం, పసుపు, ఇంగువ, కరివేపాకు పట్టించి వేయించినది అది. 1969లో కాంగ్రెస్ పార్టీ రెండుగా చీలినప్పుడు, రెండుగా చీలిన ఈ గింజకు ఆ పేరు వచ్చిందని ఇక్కడివారు చెప్పుకుంటారు. వి.వి. పురం, అంటే విశ్వేశ్వరపురంలోని వి.బి. బేకరీలో బన్నును చీల్చి, వెన్న పూసి, నడుమ ఈ గింజలను కూరి ఇస్తారు. మెత్తదనం, కరకర, వెన్న, మిరియం ఒకే కొరుకుడులో అందుతాయి.

దండు వైపు బేకరీల తీరు వేరు. అటు గుడ్డుకూ మాంసానికీ అడ్డు లేదు. ఫ్రేజర్ టౌన్‌లో, అంటే ఇప్పటి పులకేశినగరలో, మాస్క్ రోడ్డు మీద ఉన్న ఆల్బర్ట్ బేకరీ 1902 నాటిది. మధ్యాహ్నం దాటితే గాని తలుపు తియ్యదు, తీశాక చూస్తుండగానే సరుకు అయిపోతుంది. రంజాను నెలలో అక్కడి ఖోవా నాన్ కోసం, గుడ్ ఫ్రైడే నాడు శిలువ గుర్తు బన్నుల కోసం ఒకే గుమ్మం ముందు వరుసలు కడతారు. ముస్లిం కుటుంబం క్రైస్తవుల పండుగ రొట్టె చేసి పెట్టడం అక్కడ వింత కాదు, నూరేళ్ళకు పైబడిన అలవాటు. శాకాహారినైన నేను ఆ వరుసలో ఖోవా నాన్ కోసమే నిలబడతాను. ఆ నిలబడే అరగంటలో వినిపించే ఉర్దూ, తమిళం, ఇంగ్లీషు, తెలుగు మాటల కలగలుపు కూడా నన్ను అక్కడికి లాగే కారణమే.

ఇక వీధికి వద్దాం. సజ్జన్‌రావు సర్కిల్ పక్కన వి.వి. పురం తిండి బీది పగలు చూస్తే మామూలు సందు. సాయంత్రమయ్యేసరికి దోసెల పెనాలు, బజ్జీల బాణళ్ళు, హోళిగె, అంటే మన బొబ్బట్టు, కాల్చే పెనాలు వెలుగుతాయి. ఆ వీధి నిజమైన వైభవం చలికాలంలో చూడాలి. డిసెంబరు, జనవరి నెలల్లో మాగడి, కోలారు, చింతామణి, శ్రీనివాసపుర వైపు నుంచి అవరెకాయి బస్తాలు దిగుతాయి. అది మరేదో కాదు, మన అనపకాయ. రెండు దశాబ్దాలకు పైగా వాసవి కాండిమెంట్స్ వారు నిర్వహిస్తున్న అవరె మేళాలో అనపగింజల దోసె, ఉప్మా, కరకరలాడే మిక్స్చరు మొదలుకొని జిలేబీ దాకా దొరుకుతాయి. జిలేబీ నాకు నచ్చలేదని నిజాయితీగా ఒప్పుకుంటాను, దోసెకు మాత్రం ఏటా వెళ్తాను.

ఆ మేళాలో ఒక మాట నన్ను ఆపేసింది. రాత్రి నానబెట్టిన గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒత్తితే పొట్టు వేళ్ళలో మిగిలి, పప్పు చటుక్కున గిన్నెలో పడుతుంది. మా ఇంట్లో చలికాలం రాత్రులు అమ్మ, అవ్వ, పిన్ని గంగాళం చుట్టూ కూర్చుని ఈ పని చేసేవారు. కాయ వలిచిన వేళ్ళకు అంటిన జిడ్డు, ఆ వాసన రెండు రోజులైనా పోయేవి కావు; ఆ వాసనను ఇక్కడివారు సొగడు అంటారు, మంచు బాగా పడితేనే సొగడు కుదురుతుందంటారు. అలా పితికిన పప్పును మా వైపు పితికిపప్పు అంటాం. మేళాలో బోర్డు మీద ‘హితికిద బేళె’ అని ఉంది. పాత కన్నడలోని ‘ప’కారం తరువాత ‘హ’కారమైంది: మన పాలు వారికి హాలు, పువ్వు హూవు, పులి హులి, పల్లె హళ్ళి. అలాగే మన పితికినది వారికి హితికింది. ఉద్యోగానికి వచ్చిన కొత్తలో నన్ను నేను పరాయి ఊరివాణ్ణనుకున్నాను. ఆ బోర్డు ముందు నిలబడ్డాక ఆ భావన పోయింది.

కార్తీకమాసం చివరి సోమవారం బసవనగుడి దొడ్డ బసవన్న గుడి ముందు జరిగే కడలెకాయి పరిషె, అంటే వేరుశనగ జాతర, కూడా ఇలాంటిదే. పొలాల్లో పడి పంట మేసేస్తున్న బసవన్నను శాంతింపజేయడానికి సుంకేనహళ్ళి, మావళ్ళి రైతులు తొలి పంట మొక్కుకున్నారని కథ. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట, మిరప, బంగాళాదుంప కూడా అమెరికా ఖండాలవే. దూరం నుంచి వచ్చిన గింజ దేవుడికి నైవేద్యమయ్యేంత ఇంటిదైపోవడం నాకు ఖారా బన్ను కథలాగే కనిపిస్తుంది. ఆ రోజు బుల్ టెంపుల్ రోడ్డు పొడవునా పచ్చివి, వేయించినవి, ఉడికించినవి గుట్టలు పోసి శేరు కొలతలతో అమ్ముతారు. మన వైపు నుంచి లారీలేసుకుని వచ్చే రైతులతో తెలుగులోనే బేరమాడవచ్చు.

ఇంత ప్రేమతో మాట్లాడినవాణ్ణి ఆందోళన కలిగించే సంగతులను దాచలేను. బేకరీ సరుకులో వనస్పతి వాడకం చాలా ఏళ్ళు విచ్చలవిడిగా సాగింది. 2022 జనవరి నుంచి నూనెల్లో, కొవ్వుల్లో ట్రాన్స్ ఫ్యాట్ 2 శాతం దాటరాదని జాతీయ ఆహార భద్రతా సంస్థ నిబంధన పెట్టింది. గోబీ మంచూరియాలోనూ పీచు మిఠాయిలోనూ కృత్రిమ రంగులు కలపరాదని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. ఈ రెండూ మంచి పనులే. కొనేవాళ్ళం మనం కూడా ఎర్రగా మెరిసేదే రుచి అనుకోవడం మానాలి, ఏ నూనెలో వేయించారో మర్యాదగా అడగాలి. వెన్నతో చేసేవాడు అడిగితే సంతోషిస్తాడు, అది నా అనుభవం.

అదే సమయంలో వీధిలో బండి పెట్టుకున్న మనిషి పక్షాన కూడా మాట్లాడాలి. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వ్యాపారులే కావాలి, సర్వే చేయకుండా వారిని తొలగించకూడదు. కాగితం మీద ఇంత రక్షణ ఉన్నా, మా వీధి చివర ఇరవై ఏళ్ళుగా పడ్డు, అంటే గుంతపొంగణాలు, వేసి అమ్మిన ఒక ఆవిడను ఒకనాటి ఉదయం రోడ్డు వెడల్పు పేరిట కదిలించారు. గుంతల పెనం, గ్యాసు సిలిండరు ఫుట్‌పాత్ మీద పెట్టుకుని ఆమె నిలబడిన తీరు నాకు ఇంకా కళ్ళలో ఉంది. మూడు నెలల తరువాత ఇంకో వీధిలో కనిపించింది. ఇప్పుడు నేను ఆ వీధికి నడిచి వెళ్ళి తింటున్నాను.

సమయం నాలుగున్నర అయింది. ఇక్కడి నుంచి వి.వి. పురం ఇరవై నిమిషాల నడక. దారిలో నేను చెప్పిన కట్టెల పొయ్యి బేకరీ ఉంది, ఖారా బన్ను రెండో వాయి దిగే వేళ ఇదే. నాతో నడవదలచినవారు చిల్లర నోట్లు, గుడ్డ సంచి తీసుకుని మెట్ల దగ్గర నిలబడండి. నడవలేని పెద్దవారికి నేను మూట కట్టించి తెస్తాను.