చివరి మెట్టు దగ్గరే ఎందుకు తడబడతాం?

[తెర మీద: తెనాలిలో ఒక పాత డాబా ఇల్లు. మెట్లెక్కుతున్న కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. పైమెట్టు అంచుకి చెప్పు తగులుతుంది.]

మా ఇంట్లో ఎవరు డాబా మీదికి వెళ్తున్నా సరే, వంటింట్లోంచి మా అమ్మ ఒక కేకేస్తుంది. "చివరి మెట్టు చూసుకోండి!" నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్నాను. కింది మెట్లతో ఏ పేచీ లేదు. ఆ ఒక్కటే కాలికి అడ్డొస్తుంది. మీ ఇంట్లోనో, మీ మేనమామ గారింట్లోనో కూడా అలాంటిదొకటి ఉండే ఉంటుంది.

ఆ మెట్టుకి ఏమైందో తెలియడానికి నాకు నాలుగేళ్ళ బీఆర్క్ చదువు, ఒక ఇంటర్న్‌షిప్, ఒక శ్రీకాకుళం మేస్త్రీ అవసరమయ్యారు. ఈ వీడియోలో ఆ సంగతే చెప్తాను. ఆర్కిటెక్చర్లో చేరదామనుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, కాలేజీలో అసలేం చేయిస్తారో కూడా మీకు దారిలోనే తెలిసిపోతుంది.

[తెర మీద: డ్రాఫ్టింగ్ టేబుల్, టీ-స్క్వేర్, మరకలు పడ్డ కార్ట్రిడ్జ్ షీట్.]

ముందు రెండు ముక్కల్లో కోర్సు గురించి. బీఆర్క్ ఐదేళ్ళు, పది సెమిస్టర్లు. నాటా అనే ప్రవేశ పరీక్ష రాసి రావచ్చు, జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఏ రాసి కూడా రావచ్చు. చదువయ్యాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ చేసుకుంటేనే పేరు పక్కన "ఆర్కిటెక్ట్" అని పెట్టుకోవాలి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం అలా చెప్తోంది. పెళ్ళిళ్ళలో ఎవరైనా "సివిల్ ఇంజనీరింగా అమ్మా?" అని అడిగితే నేను చట్టం దాకా వెళ్ళను. "అలాంటిదే అత్తయ్యా" అనేస్తాను.

మొదటి రోజునుంచే ఇల్లు గీయిస్తారనుకుని చేరాను. గీతలు గీయించారు. నిలువు, అడ్డం, నలభై అయిదు డిగ్రీలు, మందంగా, సన్నంగా. రెండు వారాలు అదే పని. ఆ తర్వాత టేపు చేతికిచ్చి, ఒకళ్ళనొకళ్ళు కొలుచుకోమన్నారు. నిలబడితే మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంది, కూర్చుంటే మోకాలు ఎక్కడికొస్తుంది, చెయ్యి చాపితే ఎంత దూరం అందుతుంది. అప్పుడు అందరం నవ్వుకున్నాం.

ఆ నవ్వు రెండో సెమిస్టర్‌కి దిగింది. మా మొదటి డిజైన్ ప్రాజెక్టు టీ బడ్డీ. ఎనిమిదడుగులకి ఆరడుగుల జాగా. నేను పైకప్పుని పక్షి రెక్కలా లేపాను, మౌంట్ బోర్డుతో మోడల్ చేశాను, ఫెవిక్విక్‌తో రెండు వేళ్ళు అతికించుకున్నాను. జ్యూరీలో, అంటే మన డిజైన్ చూసి ప్రశ్నలడిగే చోట, సారు ఆ రెక్క వంక చూడనే లేదు. "కౌంటర్ నాలుగడుగులు పెట్టావు. దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద గిన్నె. టీ మాస్టర్ పాలు తిప్పాలంటే చెయ్యి ఎక్కడిదాకా లేపాలి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. గ్లాసులు కడిగిన నీళ్ళు ఎటు పోతాయన్నారు. దానికీ లేదు.

మర్నాడు మా కాలేజీ గేటు ముందున్న టీ కొట్టుకి టేపు పట్టుకెళ్ళాను. స్టవ్వు నడుముకి దిగువన, ఇటుకలు పేర్చిన దిమ్మ మీద ఉంది. వడగట్టే చోటు దానికంటే జానెడు ఎత్తు. కాసులిచ్చే చోటు ఇంకా ఎత్తు. ఒకే కౌంటర్లో మూడు ఎత్తులు, ఎవరూ గీసివ్వకుండానే. అంతకుముందు అక్కడ కొన్ని వందల టీలు తాగి ఉంటాను, ఒక్కసారీ చూసుకోలేదు.

[తెర మీద: పెంకుటిల్లు మధ్యలో ఆకాశం. చూరు నుంచి వాన ధారలు.]

తర్వాత ఊళ్ళు కొలవడానికి తీసుకెళ్ళారు. మా గుంపుకి మండువా లోగిలి వచ్చింది. నాలుగు వైపులా గదులు, నడుమ పైకప్పు లేని చోటు, నాలుగు వైపుల పెంకులూ లోపలికే వాలి వాన నీళ్ళని ఆ నడిమి గుంటలో పోస్తాయి. దాని గురించి వేరే వీడియో చేస్తాను, ఇప్పుడు మొదలుపెడితే ఆగను. ఇవాళ్టి కథకి కావలసింది అటక మీదికి వెళ్ళే చెక్క మెట్లు. మెట్టుకి మెట్టుకి మధ్య తొమ్మిదంగుళాలు, కాలు పెట్టే వెడల్పు ఆరే. నిచ్చెనకి కాస్త ఎక్కువ, మెట్లకి బాగా తక్కువ. ఆ ఇంటి మామ్మగారు మాత్రం చేతిలో ఊరగాయ జాడీతో వెనక్కి తిరిగి చకచకా దిగిపోయారు. నేను గోడ పట్టుకుని దిగాను. ప్రతి మెట్టూ కొలిచి రాసుకున్నాను. ఎక్కడా పావంగుళం తేడా లేదు. అది ఎందుకు ముఖ్యమో అప్పటికి నాకు తెలియదు.

[తెర మీద: మూడో సెమిస్టర్ షీట్. మెట్ల కింద ఎర్ర పెన్నుతో పెద్ద సున్నా.]

మూడో సెమిస్టర్లో ఇల్లు గీసే యోగం పట్టింది. రెండంతస్తులు. జాగా కలిసొస్తుందని మెట్ల ల్యాండింగ్ కింద ఒక టాయిలెట్ పెట్టి, తలుపు హాల్లోకి తీశాను. జ్యూరీకి వచ్చిన ఒక పెద్ద ఆర్కిటెక్ట్ స్కేలు ఆనించి చూశారు. చూసి, "ఈ బాత్రూమ్‌లోకి మోకాళ్ళ మీద వెళ్ళాలా అమ్మాయ్?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది.

లెక్క చూడండి.

[తెర మీద: మెట్ల అడ్డకోత బొమ్మ. అంకెలు ఒక్కొక్కటిగా వస్తాయి.]

కింది ఫ్లోర్ నుంచి పై ఫ్లోర్‌కి పదడుగులు, అంటే 120 అంగుళాలు. ఒక్కో మెట్టు ఎత్తు, మా భాషలో రైజర్, 6 అంగుళాలు. మొత్తం 20 రైజర్లు. సగంలో వెనక్కి తిరిగే మెట్లు కాబట్టి పది ఎక్కాక ల్యాండింగ్. అది ఉండేది నేల నుంచి ఐదడుగుల ఎత్తులో. అందులో స్లాబు మందం ఆరంగుళాలు తీసేయండి. మిగిలింది నాలుగున్నర అడుగులు. ల్యాండింగ్ కింద మనిషి నడవాలంటే 2.2 మీటర్లు, అంటే ఏడడుగుల పైచిలుకు ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ అంటుంది.

మరి మన వీధుల్లో మెట్ల కింద బాత్రూమ్‌లు లేవా? బోలెడున్నాయి. కానీ వాటి తలుపు దాదాపు ఎప్పుడూ బయటికే ఉంటుంది, గమనించారా? ఇంటి బేస్‌మెంట్ నేల మట్టానికి రెండున్నర అడుగులు ఎత్తు లేపుతాం కదా, బయటి నుంచి వెళ్తే ఆ రెండున్నర కూడా కలిసొస్తుంది. నాలుగున్నర, రెండున్నర, ఏడు. కోడ్‌కి వేలెడు తక్కువైనా, తల తగలకుండా సరిపెట్టుకుంటారు.

నా షీట్‌లో ఇంకో తప్పు కూడా ఉంది. కాలు పెట్టే పలక, అంటే ట్రెడ్, 10 అంగుళాలు అనుకుంటే, పది రైజర్ల వరసలో ట్రెడ్లు తొమ్మిది, ఏడున్నర అడుగులు. దానికి మీటరు ల్యాండింగ్ కలిపితే పదడుగుల తొమ్మిదంగుళాలు. మెట్లకి నేనిచ్చిన గది పొడవు ఎనిమిది అడుగులు. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్వా బ్లాండెల్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్ట్ ఒక సూత్రం చెప్పాడు. రెండు రైజర్లు, ఒక ట్రెడ్ కలిపితే మనిషి అంగ ఎంతో అంత రావాలి, దాదాపు 24 అంగుళాలు. 6, 6, 12. చాలా హాయిగా ఉంటుంది. కాకపోతే మన 150 గజాల స్థలాల్లో ఆ హాయికి చోటెక్కడిది? పదంగుళాల ట్రెడ్‌తో సర్దుకుంటాం.

[తెర మీద: ఆఫీసు. వరసగా కంప్యూటర్లు. ప్లాటర్ నుంచి షీట్ బయటికొస్తోంది.]

ఇక ఇంటర్న్‌షిప్. ఒక సెమిస్టర్ మొత్తం ఆఫీసులో పని చేయాలి. హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో దొరికింది. మొదటి నెలంతా తలుపులు కిటికీల పట్టికలు, బాత్రూమ్ టైల్స్ లేఅవుట్లు. టైల్స్ పనేముందిలే అనుకోకండి. తలుపు తీయగానే ఎదురుగా కనిపించే మూల నుంచి నిండు టైల్ మొదలవ్వాలి, ముక్క టైల్ తలుపు వెనక దాక్కోవాలి. నల్లా సరిగ్గా టైల్ మధ్యకో జాయింట్ మీదకో రావాలి. ఒక్క బాత్రూమ్‌కి మూడు రోజులు పట్టింది నాకు. స్టైపెండ్ హాస్టల్‌కీ మెట్రోకీ సరిపోయేది, బిర్యానీకి అమ్మ పంపేది.

రెండో నెలలో ఒక ఇంటి మెట్ల డ్రాయింగ్ నాకిచ్చారు. కాలేజీలో తిన్న చీవాట్లన్నీ గుర్తున్నాయి కాబట్టి తల తగలకుండా, పొడవు చాలేలా, 20 రైజర్లు సమానంగా గీశాను. అందరూ తలూపారు. సైటుకి వెళ్ళింది.

నాలుగు రోజుల తర్వాత నన్నూ తీసుకెళ్ళారు. మెట్లకి సెంట్రింగ్, అంటే కాంక్రీటు పోసే అచ్చు, కడుతున్నారు. మేస్త్రీ పక్క గోడ మీద దారం కొట్టి, పెన్సిల్‌తో మెట్లు గుర్తు పెడుతున్నాడు. నా షీట్ మడతపెట్టి జేబులో ఉంది. నన్ను చూసి, "నువ్వేనేటమ్మా ఇది గీసింది? కిందన బండ ఎంత మందం వస్తాది, రాయలేదేటి?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మెట్ల మీద గ్రానైట్ వస్తుందని షీట్‌లో రాశాను కదా అన్నాను.

"మెట్టు మీదా, హాల్లోనూ ఒకటే మందమా?"

[తెర మీద: అదే అడ్డకోత. కాంక్రీటు బూడిద రంగులో, దానిపై ఫ్లోరింగ్ పసుపు రంగులో.]

ఇక్కడ కాస్త నిదానంగా చూడండి. కాంక్రీటు మెట్లు అన్నీ 6 అంగుళాలే. తర్వాత వాటి మీద మాలు వేసి గ్రానైట్ పరుస్తారు, అది ఒకటిన్నర అంగుళం. హాల్లో మాత్రం కింద పైపులూ లెవెలూ చూసుకుని, మాలు, టైల్ కలిపి రెండున్నర అంగుళాలు లేస్తుంది. పై అంతస్తులోనూ అంతే.

ఇప్పుడు మొదటి మెట్టు. 6కి మెట్టు మీది ఒకటిన్నర కలిపి, కింది నేల లేచిన రెండున్నర తీసేస్తే 5. మధ్య మెట్లన్నీ ఒకే మందంతో లేచాయి కాబట్టి 6 అలాగే ఉంటుంది. చివరిది, 6కి పై నేల రెండున్నర కలిపి, మెట్టు మీది ఒకటిన్నర తీసేస్తే 7.

ఐదు, ఆరు, ఆరు, ఆరు... ఏడు.

మెట్లెక్కేటప్పుడు మనం ప్రతి మెట్టునీ చూసుకోం. రెండు మూడు మెట్లకే కాలికి ఎత్తు అలవాటైపోతుంది, ఆ తర్వాత సరిగ్గా అంతే లేస్తుంది. ఆరుకి అలవాటైన కాలికి ఏడు ఎదురైతే చెప్పు అంచు తగులుతుంది. మండువా ఇంటి మామ్మగారికి తొమ్మిదంగుళాల మెట్లు బాధ పెట్టకపోవడానికి కారణం అదే. అన్నీ తొమ్మిదే.

"మరి ఏం చేయాలి మేస్త్రీ?" అన్నాను.

ఆయన గోడ మీద గీతలు తుడిచేసి మళ్ళీ పెట్టాడు. కింది మెట్టు కాంక్రీటులో 7, మధ్యవి 6, పైది 5. బండలు పరిచాక అన్నీ ఆరే అవుతాయి. మొత్తం 120 ఎక్కడికీ పోదు. రెండు నిమిషాల పని. నేను ఆఫీసుకొచ్చి షీట్ మార్చడానికి ఒక పూట పట్టింది, ఎందుకంటే ఇంకో మెలిక బయటపడింది. నా షీట్‌లో ఉన్నది 150 మిల్లీమీటర్లు. సైట్లో దాన్ని 6 అంగుళాలు అంటారు. నిజానికి 6 అంగుళాలంటే 152.4. ఒక్క మెట్టుకి లెక్కలోది కాదు, 20 మెట్లకి 48 మిల్లీమీటర్లు, దగ్గర దగ్గర రెండంగుళాలు. ఆ తేడా కూడా ఎక్కడో ఒక మెట్టు మొయ్యాల్సిందే. ఆ రోజు నుంచి నా సైటు షీట్లలో అడుగులూ అంగుళాలూ కూడా రాస్తున్నాను.

[తెర మీద: వేళ్ళ మీద లెక్కపెడుతున్న చేయి.]

ఆ మెట్లు అంతటితో వదల్లేదు. ఇంటి ఓనర్ గారి నాన్నగారు వచ్చి, "ఇరవయ్యా? మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి కదమ్మా" అన్నారు. నేను 21కి లెక్క మొదలుపెట్టాను, ఒక్కోటి 5.71 అంగుళాలు. అది చూస్తే మేస్త్రీ ఏమంటాడో అని భయం. మా సీనియర్ ఆర్కిటెక్ట్ వచ్చి పెద్దాయన్ని కూర్చోబెట్టారు. "మేం ఎత్తుల్ని లెక్కపెడతామండీ. మీరు కాలు పెట్టే చోట్లు లెక్కపెట్టండి. కింద తొమ్మిది, ల్యాండింగ్ ఒకటి, పైన తొమ్మిది. ఆ తర్వాత వచ్చేది మెట్టు కాదు, మీ పై హాలు." పెద్దాయన డ్రాయింగ్ మీద వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నారు. పందొమ్మిది. కాఫీ తాగి వెళ్ళిపోయారు. డ్రాయింగ్‌లో ఒక్క గీత మారలేదు.

ఐదేళ్ళ కోర్సులో ఇది ఏ సబ్జెక్టులో వస్తుందో నాకిప్పటికీ తెలియదు.

[తెర మీద: మళ్ళీ తెనాలి ఇల్లు. టేపు, చివరి మెట్టు.]

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు టేపు తీశాను. కింది మెట్టు ఐదు. మధ్యవన్నీ ఆరూ పావుకి అటూ ఇటూ. చివరిది ఏడున్నర. మా డాబా మీద వాన కారుతోందని ఎప్పుడో మళ్ళీ ఒక పొర మాలు వేయించారట, అదీ ఎక్కేసింది లెక్కలోకి.

వంటింట్లోకి వెళ్ళి అమ్మకి మొత్తం చెప్పాను. కాంక్రీటు, గ్రానైట్, 5, 6, 7, అన్నీ. బూరెలు తీస్తూ విన్నది.

"అయితే ఇప్పుడు సరిచేస్తావా?"

"మెట్లన్నీ పగలగొట్టాలమ్మా."

"సరేలే. బట్టలు ఆరాయేమో చూసిరా." నేను గుమ్మం దాటానో లేదో వెనక నుంచి కేక. "చివరి మెట్టు చూసుకో!"